బడి గ్రంథాలయం

బడి గ్రంథాలయం అంటే విద్యార్థులు తమకు నచ్చిన పుస్తకాన్ని తామే ఎంచుకుని, అక్కడే కూర్చుని చదువుకోవడానికో ఇంటికి తీసుకెళ్లడానికో బడిలో చేసిన ఏర్పాటు. దానికి పెద్ద గదే ఉండాలని లేదు. వేల పుస్తకాలున్న ఉన్నత పాఠశాల హాలు మొదలుకొని, ఏకోపాధ్యాయ పాఠశాలలో రెండు మేకుల మధ్య కట్టిన నైలాను తాడు మీద వేలాడే నలభై కథల పుస్తకాల దాకా అన్నీ ఈ పేరు కిందికే వస్తాయి. పౌర గ్రంథాలయానికీ దీనికీ తేడా పాఠకుల వయసు ఒక్కటే కాదు. ఊరి గ్రంథాలయానికి వచ్చేవారు చదవడం నేర్చుకుని వస్తారు. బడి గ్రంథాలయంలో అడుగుపెట్టే పిల్లల్లో చాలామందికి ఒత్తులు ఇంకా పట్టుబడి ఉండవు. కాబట్టి చదవగలిగినవారికి పుస్తకం అందించడంతో పాటు, చదవడం రావడం, వచ్చిన చదువు జారిపోకుండా నిలవడం కూడా ఈ గ్రంథాలయం పనుల్లోకే వస్తాయి.

తెలుగులో ‘చదువు’ అనే మాట చదివే క్రియకూ విద్యకూ కూడా చెల్లుతుంది. ఆ సౌలభ్యమే చిక్కు కూడా తెచ్చిపెట్టింది. ఇంట్లో పెద్దలు ‘చదువుకో’ అంటే పాఠం చదవమనే అర్థం. పిల్లవాడు కథల పుస్తకం పట్టుకుంటే ‘చదువుకోకుండా ఏమిటది’ అనే ప్రశ్న వస్తుంది. పాఠ్యపుస్తకం వెలుపల చదివింది చదువు కాదన్న ఈ నమ్మకం చాలా బడుల్లోనూ ఉంది. టైంటేబుల్‌లో గ్రంథాలయ పీరియడు కనిపించినా, సిలబస్ మిగిలిపోయినప్పుడు లెక్కల మాస్టారు ముందుగా అడిగి తీసుకునేది ఆ పీరియడునే.

చదవడం పట్టుబడే తీరు

తెలుగు చదవడం నేర్చుకునేవారికి ఒక సౌలభ్యం, ఒక కష్టం ఉన్నాయి. రాసినట్టే పలుకుతాం కనుక అక్షరాలు వస్తే మాట వచ్చినట్టే, ఇంగ్లీషు స్పెల్లింగుల బాధ లేదు. కష్టమంతా అక్షరాల రూపాల్లో ఉంది. వర్ణమాల చార్టులో ఉండేవి యాభై ఆరు. పేజీలో ఎదురయ్యేవి మాత్రం గుణింతాలు, ఒత్తులు కలిసిన వందలాది రూపాలు. ‘క’ వచ్చిన పిల్లకు ‘కృ’, ‘క్ష’, ‘క్రొ’ మళ్లీ కొత్తవే. ‘రాష్ట్రం’, ‘స్త్రీ’ లాంటి మాటల్లో మూడేసి హల్లులు ఒకేచోట చిక్కుపడి ఉంటాయి. పైగా తెలుగు మాట ప్రత్యయాలు తగిలించుకుని పొడవు సాగుతుంది: ‘చెప్పుకుంటున్నారట’ అన్నది ఒకే మాట. మొదటి తరగతిలోనే అక్షరాలు దిద్దిన పిల్లలు మూడు, నాలుగు తరగతుల్లో కూడా కూడబలుక్కుంటూ చదవడానికి ఇదొక ముఖ్య కారణం.

కూడబలుక్కుని చదివేవారికి వాక్యం చివరికి వచ్చేసరికి మొదలు గుర్తుండదు. అర్థం అందాలంటే కళ్లు మాటను ఒక్క చూపులో పట్టాలి. అవే మాటలు మళ్లీ మళ్లీ, వేరువేరు చోట్ల తారసపడితే తప్ప ఆ వేగం రాదు. వాచకం ఒక్కటే ఉంటే ఆ అవకాశం తక్కువ. పదోసారి తెరిచేసరికి పిల్లవాడు పాఠాన్ని చదవడు, అప్పజెబుతాడు. పుస్తకం మూసేసినా పాఠం గడగడా సాగిపోతూనే ఉంటుంది. ఇది కంఠస్థమే, చదవడం కాదని పసిగట్టడం అనుభవం ఉన్న ఉపాధ్యాయులకు కష్టం కాదు: అదే పాఠంలోని వాక్యాల వరుస మార్చి బోర్డు మీద రాస్తే చాలు, గడగడ ఆగిపోతుంది. తెలిసిన మాటలు తెలియని వరుసలో ఎదురయ్యేది పాఠ్యపుస్తకం బయటి పుస్తకాల్లోనే. గ్రంథాలయం అక్షరాస్యతకు చేసే మొదటి మేలు ఇది.

రెండోది పదసంపద. ఇంట్లో, వీధిలో వినిపించే మాటలతో రోజు గడిచిపోతుంది గానీ, సైన్సు పాఠంలో ‘ఆవిరి’, ‘సాంద్రత’ లాంటివి, సాంఘిక శాస్త్రంలో ‘పరగణా’, ‘రాయితీ’ లాంటివి ఎదురైనప్పుడు పిల్లలు తడబడతారు. కథల్లో, జీవిత చరిత్రల్లో, జంతువుల గురించిన చిన్న పుస్తకాల్లో ఇలాంటి మాటలు సందర్భంతో సహా వస్తాయి కనుక అర్థం ఊహకు అందుతుంది. చదవగలిగినవారు ఎక్కువ చదివి, ఎక్కువ మాటలు నేర్చి, ఇంకా తేలిగ్గా చదువుతారు. చదవలేనివారు పుస్తకానికి దూరం జరిగి ఇంకా వెనకబడతారు. ఈ రెండు దారులూ ఏటేటా మరింత ఎడమవుతాయని కీత్ స్టానోవిచ్ 1986లో వివరించాడు. చదువు పరిశోధకులు దీన్ని ‘మాథ్యూ ప్రభావం’ అంటారు. ఆ ఎడం మన దేశంలో ఎంతుందో గ్రామీణ ప్రాంతాల్లో జరిగే ‘అసర్’ సర్వే చూపుతోంది. 2024 సర్వే ప్రకారం అయిదో తరగతి పిల్లల్లో రెండో తరగతి స్థాయి పాఠాన్ని చదవగలిగినవారు దాదాపు సగం మందే.

పుస్తకాలు పెడితే చాలా?

బడిలో పుస్తకాలుంటే పిల్లలకు చదవడం వస్తుందా అన్న ప్రశ్నకు పరిశోధనలన్నీ ఒకే సమాధానం ఇవ్వలేదు. వాటిని పక్కపక్కన పెట్టి చూస్తేనే విషయం బోధపడుతుంది.

ఎక్కువగా ప్రస్తావించేది ఫిజీ దీవుల ప్రయోగం. 1980లో వార్విక్ ఎలీ, ఫ్రాన్సిస్ మంగుభాయి అక్కడి గ్రామీణ బడుల్లో నాలుగు, అయిదు తరగతులకు బొమ్మలతో ఆకట్టుకునే ఇంగ్లీషు కథల పుస్తకాలు రెండువందల యాభై చొప్పున ఇచ్చారు. ఇంగ్లీషు ఆ పిల్లలకు ఇంటి భాష కాదు. కొన్ని తరగతుల్లో పిల్లలు తమంతట తాము చదువుకున్నారు, కొన్నింటిలో ఉపాధ్యాయులు పిల్లలతో కలిసి చదివి మాట్లాడారు. ఏడాది తిరిగేసరికి మామూలు పద్ధతిలో ఇంగ్లీషు నేర్చుకున్న పిల్లలకంటే వీళ్లు దాదాపు రెట్టింపు వేగంతో ముందుకెళ్లారు. ఆ లాభం రెండో ఏట ఇతర సబ్జెక్టుల మార్కుల్లోనూ కనిపించింది. అమెరికాలో కీత్ కరీ లాన్స్ బృందం 1993లో వెలువరించిన కొలరాడో అధ్యయనం, కుటుంబాల ఆర్థిక స్థితిని లెక్కలోకి తీసుకున్న తర్వాత కూడా, మంచి సిబ్బంది, మంచి పుస్తక సేకరణ ఉన్న బడుల్లో చదువు ఫలితాలు మెరుగ్గా ఉన్నాయని చెప్పింది. అయితే అది పోలిక మాత్రమే. గ్రంథాలయాన్ని బాగా చూసుకునే బడి మిగతా పనులూ బాగానే చేస్తుంది కాబట్టి, మేలంతా గ్రంథాలయానిదే అనుకోలేం.

కర్ణాటకలో వచ్చిన ఫలితం దీనికి భిన్నం. అక్షర ఫౌండేషన్ ప్రభుత్వ బడుల్లో నడిపిన గ్రంథాలయ కార్యక్రమాన్ని బోర్కుమ్, హే, లిండెన్ అనే ఆర్థికవేత్తలు పరిశీలించి 2012లో నివేదిక ఇచ్చారు. పదహారు నెలల తర్వాత పరీక్ష పెడితే, గ్రంథాలయం ఉన్న బడుల పిల్లల భాషా నైపుణ్యాల్లో చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. అదే లిండెన్ మరో ఇద్దరితో కలిసి ఫిలిప్పీన్స్‌లో నాలుగో తరగతి పిల్లలపై చేసిన మరో ప్రయోగంలో ముప్పై ఒక్క రోజుల పఠనోత్సవం వల్ల చదివే నైపుణ్యం స్పష్టంగా పెరిగింది. అక్కడ వయసుకు తగ్గ పుస్తకాలతో పాటు ఉపాధ్యాయులకు శిక్షణ ఇచ్చారు. నెలపాటు రోజూ తరగతి గదిలోనే చదివే సమయం కేటాయించారు.

ఈ నాలుగింటినీ కలిపి చదివితే తేలేది ఇది: పుస్తకం బడి ఆవరణలో ఉండటం వేరు, తరగతి ఉపాధ్యాయుడి దినచర్యలో ఉండటం వేరు. రెండోదాని వల్లే ఫలితం వచ్చింది. నిధుల ఆదేశాలు, తనిఖీ పత్రాలు మాత్రం మొదటిదాన్నే లెక్కిస్తాయి.

గ్రంథాలయోద్యమం నుంచి చట్టం దాకా

తెలుగు నేల మీద గ్రంథాలయం బడికంటే ముందు ఊరికి చెందింది. 1901లో హైదరాబాదులో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషా నిలయం వెలిసింది. 1904లో హనుమకొండలో రాజరాజ నరేంద్రాంధ్ర భాషా నిలయం ఏర్పడింది. నిజాం రాజ్యంలో బడి చదువు ఉర్దూలో సాగేది. తెలుగు చదవాలన్న విద్యార్థికి ఈ నిలయాలే తెలుగు బడులు. బడిలో దొరకని మాతృభాషా పఠనాన్ని గ్రంథాలయం భర్తీ చేసిన అరుదైన సందర్భం అది. కోస్తాలో అయ్యంకి వెంకటరమణయ్య ప్రభృతుల కృషితో 1911లో బెజవాడలో రామమోహన గ్రంథాలయం, 1914లో ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘం ఏర్పడ్డాయి. 1918లో వేటపాలెంలో సారస్వత నికేతనం వచ్చింది. గుంటూరు జిల్లా పెదపాలెంలో పాతూరి నాగభూషణం 1935లో కాలువ మీద పడవలో గ్రంథాలయం నడిపించాడు, పుస్తకం కోసం మనిషి రాకపోతే మనిషి ఉన్న రేవుకే పుస్తకం వెళ్లాలని. ఈ ఉద్యమం దృష్టి ప్రధానంగా పెద్దల మీద, పత్రికా పఠనం మీద ఉండేది. బడిపిల్లలకు వేరుగా పుస్తకాలు, వేరుగా పద్ధతులు కావాలన్న ఆలోచన అప్పటికి బలపడలేదు. అసలు పిల్లల కోసం రాసిన తెలుగు పుస్తకాలే అప్పుడు తక్కువ.

గ్రంథాలయ శాస్త్రానికి ఆధారమైన అయిదు సూత్రాలను మద్రాసు విశ్వవిద్యాలయ గ్రంథపాలకుడు ఎస్.ఆర్. రంగనాథన్ 1931లో ప్రకటించాడు. పుస్తకాలు వాడుకోవడానికే అన్నది అందులో మొదటిది. ఇరవై ఏళ్ల తర్వాత కూడా బడుల్లో పరిస్థితి దానికి తలకిందులుగానే ఉంది. 1952-53లో పనిచేసిన మాధ్యమిక విద్యా కమిషన్‌కు అధ్యక్షుడు ఆర్కాటు లక్ష్మణస్వామి మొదలియార్. ఆ కమిషన్ నివేదిక బడి గ్రంథాలయాల గురించి ప్రత్యేకంగా చర్చించింది. పిల్లల అభిరుచితో నిమిత్తం లేకుండా కొన్న పాత పుస్తకాలు కొద్దిపాటి బీరువాల్లో పడి ఉంటున్నాయని, ఆసక్తి లేని గుమాస్తాకో ఉపాధ్యాయుడికో వాటిని అప్పగిస్తున్నారని అది నిర్మొహమాటంగా రాసింది. ఏడు దశాబ్దాల తర్వాత చదివినా ఆ వర్ణన పాతబడినట్టు అనిపించదు.

1987లో మొదలైన ఆపరేషన్ బ్లాక్‌బోర్డ్ పథకం ప్రాథమిక పాఠశాలలకు బోధన సామగ్రితో పాటు పుస్తకాలనూ పంపింది. 2009 నాటి విద్యాహక్కు చట్టం షెడ్యూలు ప్రతి బడిలోనూ గ్రంథాలయం ఉండాలంది. అందులో వార్తాపత్రిక, పత్రికలు, అన్ని సబ్జెక్టుల పుస్తకాలు, కథల పుస్తకాలు ఉండాలని కూడా చెప్పింది. కథల పుస్తకాలను చట్టం పేరు పెట్టి చెప్పడం గమనించదగ్గది. 2018 నుంచి అమల్లో ఉన్న సమగ్ర శిక్ష పథకం బడి స్థాయిని బట్టి ఏటా 5,000 నుంచి 20,000 రూపాయల దాకా గ్రంథాలయ గ్రాంటు ఇస్తుంది. 2020 జాతీయ విద్యావిధానం పిల్లల పుస్తకాలకూ బడి గ్రంథాలయాలకూ పెద్ద పీట వేసింది. దాని వెన్నంటి 2021 జూలైలో వచ్చిన నిపుణ్ భారత్, మూడో తరగతి ముగిసేలోగా ప్రతి బిడ్డకూ అర్థం చేసుకుంటూ చదవడం రావాలని 2026-27ను గడువుగా పెట్టింది. 2022 జనవరిలో దేశమంతటా నూరు రోజుల పఠన కార్యక్రమం మొదలైంది. తెలంగాణ దాన్ని ‘రీడ్’ పేరుతో ఆ ఫిబ్రవరిలో అందుకుంది. ఆంధ్రప్రదేశ్ అంతకుముందే, 2020 నవంబరులో, ‘వియ్ లవ్ రీడింగ్’ మొదలుపెట్టింది.

అంతర్జాతీయంగా యునెస్కో, గ్రంథాలయ సంఘాల సమాఖ్య ఇఫ్లా కలిసి 1999లో బడి గ్రంథాలయాల ప్రణాళికను ప్రకటించాయి. జపాన్ 1953లోనే దీనికోసం ఒక చట్టం చేసుకుంది. 2003 నుంచి పన్నెండు తరగతులకు తక్కువ కాని ప్రతి బడిలోనూ గ్రంథాలయ శిక్షణ పొందిన ఉపాధ్యాయుడు ఉండి తీరాలన్న నిబంధన అమలవుతోంది. మన దగ్గర కేంద్రీయ విద్యాలయాల్లో, నవోదయల్లో గ్రంథపాలకుల పోస్టులున్నాయి. మామూలు జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలల్లో ఆ పని సాధారణంగా తెలుగు పండితుడి మీదో, పీరియడ్లు తక్కువున్న మరొకరి మీదో పడుతుంది.

ఏ పుస్తకాలు

గ్రాంటు వచ్చిన ఏడాది చివర్లో, ఖర్చు చూపించాల్సిన తొందరలో, కట్టలు కట్టలుగా కొన్న పుస్తకాలే చాలా బడుల్లో ఉంటాయి. వ్యాసరచన గైడ్లు, సామెతల సంకలనాలు, మహనీయుల జీవితాలు, ఒకే నీతికథల పుస్తకం ముప్పై ప్రతులు. వీటిలో తప్పేమీ లేదు గానీ, ఇప్పుడిప్పుడే కూడబలుక్కునే రెండో తరగతి పిల్లకు వీటిలో ఒక్కటీ పనికిరాదు. ఆమెకు కావలసింది పేజీకి ఒకటి రెండు వాక్యాలు, పేజీ నిండా బొమ్మ, పెద్ద అక్షరాలు. వాక్యాలు తిరిగి తిరిగి వచ్చే కథయితే ఇంకా మంచిది. ఏడు చేపల కథ అలాంటిదే. ‘ఎందుకు’ అన్న ప్రశ్న ప్రతిసారీ వస్తుందని తెలుసు కనుక పిల్లలు దాన్ని ముందే ఊహించి చదివేస్తారు. ఊహించి చదవడం తప్పు కాదు. ధారాళంగా చదివేవారంతా చేసేది అదే.

పుస్తకాల స్థాయిని పిల్లలే గుర్తించేందుకు రంగులు వాడతారు. రూమ్ టు రీడ్ సంస్థ వ్యాప్తిలోకి తెచ్చిన పద్ధతిలో ఆకుపచ్చ, ఎరుపు, నారింజ, తెలుపు, నీలం, పసుపు రంగుల చుక్కలు అట్టల మీద అంటించి ఉంటాయి. ఆకుపచ్చ తేలిక, పసుపు కష్టం. పిల్లలకు దశాంశ వర్గీకరణ సంఖ్యలకంటే రంగు చుక్క బాగా తెలుస్తుంది. అయితే ఆ చుక్కను హద్దుగా మార్చకూడదు. తన స్థాయికి మించిన పుస్తకంలో బొమ్మలు చూస్తూ కూర్చున్న పిల్లను లేపి ఆకుపచ్చ పుస్తకం చేతిలో పెట్టడం, పుస్తకం మీద ఆమెకున్న ఇష్టాన్ని చంపడమే.

తెలుగులో పిల్లలు సొంతంగా చదివిన సాహిత్యానికి చాలాకాలం పత్రికలే ఆధారం. న్యాయపతి రాఘవరావు, కామేశ్వరి దంపతుల ‘బాల’ 1945లో, నాగిరెడ్డి, చక్రపాణిల ‘చందమామ’ 1947 జూలైలో మొదలయ్యాయి. కొడవటిగంటి కుటుంబరావు చేతిలో చందమామ భాష చిన్న వాక్యాలతో, అలంకారాల బరువు లేకుండా సాగింది. ఒక తరం పిల్లలు ధారగా చదవడం నేర్చింది వాచకంలో కంటే ఆ పత్రికలోనే అంటే అతిశయోక్తి కాదు. బాలమిత్ర, బొమ్మరిల్లు ఆ దారిలోవే. జనవిజ్ఞాన వేదిక ‘చెకుముకి’ సైన్సును కథలా చెప్పింది. 1957లో ఏర్పడిన నేషనల్ బుక్ ట్రస్ట్ నెహ్రూ బాల పుస్తకాలయం వరుసలో తక్కువ ధరకు బొమ్మల పుస్తకాలు తెచ్చింది. సోవియట్ నుంచి వచ్చిన రంగుల పుస్తకాలను ఇప్పటికీ తలుచుకునే పాఠకులున్నారు. ఈ కాలంలో మంచి పుస్తకం, ప్రథమ్ బుక్స్, తూలిక లాంటి ప్రచురణ సంస్థలు చిన్న పిల్లల స్థాయికి తగ్గ తెలుగు పుస్తకాలు తెస్తున్నాయి. ప్రథమ్ బుక్స్ 2015లో తెరిచిన స్టోరీవీవర్‌లో కథలను ఎవరైనా ఉచితంగా చదవవచ్చు, దించుకుని అచ్చు వేసుకోవచ్చు. గ్రాంటు అందని బడికి ఇది పెద్ద ఆసరా.

భాష సంగతి ఇంకోటి. ఇంట్లో ‘ఆనిగెపుకాయ’ అనే పిల్లకు పుస్తకంలో ‘సొరకాయ’ ఎదురైతే బొమ్మ ఉన్నా ఒక్క క్షణం ఆగుతుంది. ‘ఆనపకాయ’ అనే ఇంట్లో పెరిగిన పిల్లవాడూ అంతే. అన్ని ప్రాంతాల మాటలూ కథల్లోకి వస్తే ఎవరి మాటా తప్పు కాదన్న ధైర్యం పిల్లలకు కలుగుతుంది. గిరిజన ప్రాంతాల్లో ఈ దూరం మరీ ఎక్కువ. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో గోండి, కోయ, కొలామి, సవర, కువి, కొండ, ఆదివాసీ ఒరియా, బంజారా అనే ఎనిమిది భాషల్లో ప్రాథమిక వాచకాలు తెచ్చిన బహుభాషా విద్యా కార్యక్రమం ఈ సమస్యను పట్టించుకుంది. ఆ భాషల్లో వాచకం దాటి కథల పుస్తకాలు మాత్రం ఇప్పటికీ కొద్దిగానే ఉన్నాయి.

గ్రంథాలయ పీరియడు

బాగా నడిచే గ్రంథాలయ పీరియడు చూడటానికి క్రమశిక్షణ లేనట్టే ఉంటుంది. మూడో తరగతి గదిలో చాప పరిచి ఉంది. గోడ తాళ్ల మీద పుస్తకాలు అట్ట కనబడేలా వేలాడుతున్నాయి. వెన్ను మాత్రమే కనిపించేలా బీరువాలో నిలబెట్టిన పుస్తకం చిన్నపిల్లలకు లేనట్టే లెక్క. ఉపాధ్యాయురాలు పుస్తకాన్ని తన వైపు కాకుండా పిల్లల వైపు తిప్పి పట్టుకుని, మాట కింద వేలు జరుపుతూ పైకి చదువుతుంది. ఏనుగు బావిలోకి తొంగి చూసే పేజీ దగ్గర ఆగి, తర్వాత ఏమవుతుందని అడుగుతుంది. నాలుగు రకాల జవాబులు వస్తాయి. ఏది సరైనదో చెప్పకుండా పేజీ తిప్పుతుంది. తర్వాత పావుగంట ఎవరి పుస్తకం వారిది. కొందరు జంటగా ఒకే పుస్తకం మీద పడతారు, ఒకరు పైకి చదువుతుంటే మరొకరు దిద్దుతారు. మూలన ఉన్న పిల్లవాడు నిజానికి చదవడం లేదు, బొమ్మలు చూసి సొంత కథ చెప్పుకుంటున్నాడు. దాన్నీ చదువుగానే లెక్కవేయాలని పఠన నిపుణులు చెబుతారు. పుస్తకంలో ఒక కథ ఉందని, అది ఎడమ నుంచి కుడికి, పేజీ వెంట పేజీగా సాగుతుందని అతనికి తెలిసిపోయింది. మిగిలింది అక్షరాలే.

పీరియడు చివర ఇంటికి తీసుకెళ్లే పుస్తకాల వంతు. ఇష్యూ రిజిస్టరులో పేరు, పుస్తకం పేరు పిల్లలే రాసుకుంటే అదొక రాత పాఠం అవుతుంది. పుస్తకం పేరు అట్ట మీద చూసి దించుతూ కూడా ఒకరు ‘పుస్తకం’ని ‘పుసతకం’ అని రాస్తారు. మూడు నెలల తర్వాత అదే రిజిస్టరులో అదే చేతిరాతలో ‘స’ కింద ‘త’ ఒత్తు వచ్చి చేరుతుంది. ఏ పరీక్షా పెట్టకుండా పిల్లల ఎదుగుదల ఇంత తేటగా కనబడే కాగితం బడిలో మరొకటి ఉండదు.

జపాన్‌లో 1988లో చిబా ప్రాంతంలోని ఒక ఉన్నత పాఠశాలలో ‘ఉదయ పఠనం’ మొదలై దేశమంతటా పాకింది. తరగతులు మొదలయ్యే ముందు పది నిమిషాలు. అందరూ చదవాలి, రోజూ చదవాలి, నచ్చిన పుస్తకం చదవాలి, చదివాక ఏమీ రాయనక్కర్లేదు. ఉపాధ్యాయులూ అందరితో పాటు చదవాలి. ఏమీ రాయనక్కర్లేదన్న నాలుగో షరతు మన బడులకు కొరుకుడు పడదు. చదివిన ప్రతి పుస్తకానికీ సారాంశం, నీతి, పది వాక్యాలు రాయించడం మనకు అలవాటు. రాయాల్సి వస్తుందన్న భయంతో సన్న పుస్తకాలే తీసుకునే పిల్లలు ప్రతి బడిలో ఉంటారు. రాయాలనిపించినవారికి గోడపత్రిక ఉంది. నచ్చిన కథకు ముగింపు మార్చడం, అట్ట బొమ్మ వేయడం, పక్కవారికి ‘ఇది చదువు’ అంటూ రెండు వాక్యాల సిఫారసు రాయడం లాంటివి అక్కడ బాగా నడుస్తాయి. ఉపాధ్యాయుడు చెప్పిన పుస్తకంకంటే స్నేహితురాలు చెప్పిన పుస్తకానికే గిరాకీ ఎక్కువ.

తాళం

బడి గ్రంథాలయాల గురించి ఎక్కడ మాట్లాడినా చివరికి చర్చ బీరువా తాళం దగ్గరికే వస్తుంది. ఉపాధ్యాయులకు పుస్తకాలంటే అయిష్టం కాదు, ఆడిట్ అంటే భయం. స్టాక్ రిజిస్టరులో ఎక్కిన పుస్తకం కనబడకపోతే తన జీతంలోంచి కట్టాల్సి వస్తుందని, బదిలీ అయినప్పుడు చార్జి అప్పగించడం ఇబ్బందవుతుందని ఆ బాధ్యత మోసేవారు అనుకుంటారు. పిల్లల చేతికి వెళ్లిన పుస్తకం చిరుగుతుంది, తడుస్తుంది, ఒక్కోసారి తిరిగి రాదు. తాళం వేసి ఉంచితే ఈ మూడూ జరగవు.

నియమాలు నిజానికి అంత కఠినంగా లేవు. కేంద్ర ప్రభుత్వ సాధారణ ఆర్థిక నియమావళి, 2017, తన పరిధిలోని గ్రంథాలయాల గురించి చెబుతూ, ఏడాదిలో పాఠకులకు ఇచ్చిన ప్రతి వెయ్యి పుస్తకాలకు అయిదు పోవడం సహజమేనని అంగీకరించింది. మోసం, నిర్లక్ష్యం లేకపోతే చాలు. వెయ్యి రూపాయలు దాటిన పుస్తకాలు, అరుదైనవి పోతేనే విచారణ తప్పనిసరి. ఆ లెక్క బీరువాలో ఉన్న పుస్తకాలకు కాదు, పాఠకుల చేతికి వెళ్లినవాటికి కట్టిందని గమనించాలి. పుస్తకాలు ఎంత ఎక్కువ తిరిగితే అంత ఎక్కువ పోవడానికి వీలుందన్నమాట. పిల్లల పుస్తకం ధర యాభై, అరవై రూపాయలు ఉంటుంది. రెండేళ్లలో నలభై మంది చేతులు మారి చిరిగిపోయిన పుస్తకం వృథా అయినట్టు కాదు, దాని పని పూర్తయినట్టు. ప్రధానోపాధ్యాయుడు ఈ మాట సిబ్బంది సమావేశంలో ఒకసారి గట్టిగా చెప్పి, చిరిగిన పుస్తకాల తొలగింపు మీద తానే సంతకం పెట్టిన బడుల్లో తాళం తెరుచుకుంటుంది. చిన్న చిరుగులకు పెద్ద తరగతుల పిల్లలు టేపు, మైదా జిగురు పట్టుకుని వారానికోసారి కూర్చుంటే సరిపోతుంది. అయిదో తరగతి పిల్లల కమిటీకి ఇష్యూ రిజిస్టరు అప్పగించిన చోట, తిరిగి రాని పుస్తకం కోసం ఇంటికి వెళ్లి అడిగి తెచ్చేది కూడా వాళ్లే.

లెక్కల్లోనూ ఇదే తేడా. దేశంలోని బడుల సమాచారం సేకరించే యూడైస్ ప్రచురించే పట్టికలు గ్రంథాలయం, బుక్ బ్యాంకు, రీడింగ్ కార్నర్ మూడింటినీ కలిపి చూపుతుంటాయి. ఆ మేరకు చాలా బడుల్లో సౌకర్యం ఉన్నట్టే. ఎన్ని పుస్తకాలు ఎందరు పిల్లల ఇళ్లకు వెళ్లాయన్నది ఆ పట్టికల్లో తేలదు. దాన్ని తెలుసుకోవాలనుకున్న తనిఖీ అధికారి స్టాక్ రిజిస్టరు పక్కన పెట్టి ఇష్యూ రిజిస్టరు అడగాలి. చివరి సంతకం తేదీ చూస్తే చాలు.

తెర మీద చదువు

కరోనా కాలంలో బడులు మూతపడినప్పుడు ఫోనులో కథలు చదివించే ప్రయత్నాలు చాలా జరిగాయి. దీక్ష వేదిక, భారత జాతీయ డిజిటల్ గ్రంథాలయం, నేషనల్ బుక్ ట్రస్ట్ నడిపే రాష్ట్రీయ ఇ-పుస్తకాలయ ఇప్పుడు అందుబాటులో ఉన్నాయి. పుస్తకాలు దొరకని భాషలకు, చూపు లేని పిల్లలకు వినే పుస్తకాల రూపంలో ఇవి నిజంగా ఉపయోగం. కానీ ఇంట్లో ఉన్న ఒక్క ఫోను నాన్న జేబులో పనికి వెళ్లిపోతుంది, సాయంత్రం ఇంటికి వచ్చాక దానికోసం వీడియోలు కూడా పోటీ పడతాయి. చిన్న తరగతుల్లో అచ్చు పుస్తకం స్థానాన్ని ఇవి తీసుకోలేదు.

వేసవి

ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో బడులు ఏప్రిల్ చివర్లో మూసి, సాధారణంగా జూన్ 12న తెరుస్తారు. సుమారు ఏడు వారాలు. అప్పుడే ధారగా చదవడం మొదలుపెట్టిన పిల్లలు మళ్లీ కూడబలుక్కునే స్థితికి జారేది ఈ ఏడు వారాల్లోనే. ఇంట్లో పుస్తకాలున్నవారికి ఆ నష్టం తక్కువ, లేనివారికి ఎక్కువ. జిల్లా గ్రంథాలయ సంస్థలు శాఖా గ్రంథాలయాల్లో వేసవి శిబిరాలు నడుపుతాయి. శాఖా గ్రంథాలయం లేని ఊళ్లకు మాత్రం బడి బీరువాయే దిక్కు. ఆఖరి పనిదినాన ఒక్కో పిల్లకు నాలుగైదు పుస్తకాలు ఇచ్చి పంపితే, జూన్‌లో వాటిలో కొన్ని రాకపోవచ్చు. పుస్తకాలన్నీ లెక్కపెట్టి, బీరువాలో సర్ది, తాళం చెవి ఆఫీసు గదిలో అప్పగించే రోజు కూడా చాలా బడుల్లో అదే.